హషిమా దీవి: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్‌లో నాగసాకి దగ్గర సముద్రంలో హషిమా అనే చిన్న దీవి ఉంది. ఖాళీగా పడి ఉన్న అపార్ట్‌మెంట్లు, చుట్టూ ఎత్తయిన గోడ. ఆ ఫోటోలు వాట్సాప్‌లో తిరిగినప్పుడల్లా నన్ను అవే ప్రశ్నలు అడుగుతుంటారు. అక్కడికి రెండుసార్లు వెళ్లాను. మా నాన్న మందమర్రిలో బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యారు. అందుకే ఆ దీవిని వింతగా చూసి వదిలేయడం నాకు చేతకాలేదు. వెళ్లొచ్చినప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను. తెలిసినంత ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగానే అర్థమవుతుంది, మీకు కావలసిన చోటు నుంచి చదువుకోవచ్చు.

## అసలు ఎక్కడుంది, ఎంతుంటుంది

హషిమా, గుంకన్‌జిమా అని రెండు పేర్లు వింటున్నాం. రెండూ ఒకటేనా?

ఒకటే. అసలు పేరు హషిమా. అంచున ఉన్న దీవి అనే అర్థం వచ్చే అక్షరాలతో రాస్తారు. గుంకన్‌జిమా జనం పెట్టుకున్న పేరు. గుంకన్ అంటే యుద్ధనౌక, జిమా అంటే దీవి. 1921లో నాగసాకి పత్రిక ఒకటి ఈ దీవిని అప్పట్లో నాగసాకి యార్డులో తయారవుతున్న 'తోసా' అనే యుద్ధనౌకతో పోల్చింది. దూరం నుంచి చూస్తే పోలిక నిజమే. నిటారు గోడ ఓడ పక్కభాగంలా, పైన పేర్చినట్టున్న భవనాలు ఓడ మీది కట్టడాల్లా కనిపిస్తాయి. తోసా మాత్రం ఒక్క యుద్ధానికీ వెళ్లలేదు. నౌకాబలాన్ని తగ్గించుకోవాలన్న వాషింగ్టన్ ఒప్పందం వల్ల పని మధ్యలోనే ఆపేసి, 1925లో సముద్రంలో ముంచేశారు. ఓడ పోయినా దాని పోలికతో వచ్చిన పేరు దీవికి ఉండిపోయింది.

మ్యాప్‌లో ఎక్కడ వెతకాలి?

జపాన్ నాలుగు పెద్ద దీవుల్లో నైరుతి చివర ఉండేది క్యూషూ. దాని పడమటి తీరంలో నాగసాకి ఉంది. నాగసాకి రేవు నుంచి నైరుతి దిక్కుగా సుమారు 18 కిలోమీటర్లు సముద్రంలోకి వెళ్తే హషిమా వస్తుంది. దగ్గరలో ఉన్న నేల నాగసాకి ద్వీపకల్పం, అది నాలుగున్నర కిలోమీటర్ల దూరం. ఉత్తరాన తకషిమా అనే కాస్త పెద్ద దీవి, రెండింటి మధ్య నకనోషిమా అనే రాతిదిబ్బ ఉన్నాయి.

ఎంత పెద్దది?

పొడవు 480 మీటర్లు, వెడల్పు 160 మీటర్లు, చుట్టుకొలత 1.2 కిలోమీటర్లు. విస్తీర్ణం 6.3 హెక్టార్లు. మన లెక్కలో పదిహేనున్నర ఎకరాలు. ఊళ్లో ఒక మోతుబరి రైతు పొలం అంత.

ఇది సహజంగా ఏర్పడిన దీవా, మనుషులు కట్టిందా?

నడిమధ్య గుట్ట సహజమే. మొదట్లో అది 320 మీటర్ల పొడవు, 120 మీటర్ల వెడల్పున్న రాతిదిబ్బ. ఇప్పుడున్న దానిలో మూడో వంతు. మిగతాదంతా 1897 నుంచి 1931 దాకా ఆరు విడతల్లో పూడ్చి పెంచిన నేల. గనిలోంచి బొగ్గుతో పాటు వచ్చే రాయీరప్పా పారబోయడానికి చోటు కావాలి, కట్టడాలకు జాగా కావాలి. రెండూ ఒకే పనితో తీరాయి. ముందు సముద్రంలో గోడ కట్టి, లోపలి వైపు రాళ్లతో నింపుకుంటూ పోయారు.

పాత గోడ దగ్గరగా చూస్తే రాళ్ల మధ్య ఎర్రటి గార కనిపిస్తుంది. ఎర్రమట్టి, సున్నం కలిపి చేసిన ఆ గారను 'అమకవా' అంటారు. సిమెంటు వాడకం విరివిగా రాకముందు కట్టిన గోడ అది. వందేళ్లు దాటినా అలల దెబ్బకు చాలాచోట్ల నిలబడే ఉంది.

ఒక్క చెట్టు కూడా లేదా?

గని నడిచిన కాలంలో దాదాపు లేవు. పచ్చదనం లేని దీవి అనే పేరే ఉండేది. పిల్లలకు మొక్కలంటే ఏమిటో తెలియాలని అవతలి తీరం నుంచి పడవల్లో మట్టి తెప్పించి, సంచుల్లో మోసుకెళ్లి అపార్ట్‌మెంట్ల డాబాల మీద పోశారు. అక్కడ పూలు, కూరగాయలు పెంచారు. ఇప్పుడు మనుషులు లేరు, మొక్కలే ఎక్కువ. గోడల పగుళ్లలోంచి, గుట్ట మీద, మెట్ల మీద అన్నిచోట్లా మొలిచాయి.

## బొగ్గు

ఇంత చిన్న రాతిదిబ్బ మీద బొగ్గు ఎలా దొరికింది?

1810 ప్రాంతంలో ఇక్కడ బొగ్గు బయటపడిందని చెబుతారు. మొదట్లో పైపైన తవ్వి తీసుకునేవారు. 1890లో మిత్సుబిషి కంపెనీ లక్ష యెన్లు పెట్టి దీవిని కొన్నది. పక్కన తకషిమాలో అప్పటికే ఆ కంపెనీకి గని ఉంది. ఆ తకషిమాలోనే 1869లో స్కాట్లండ్ వ్యాపారి థామస్ గ్లోవర్, స్థానిక సగా ప్రభువులతో కలిసి ఆవిరి యంత్రంతో నడిచే నిలువు బావి వేశాడు. జపాన్‌లో ఆధునిక బొగ్గు గనులకు అదే మొదలు.

హషిమా విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. బొగ్గు దీవిలో లేదు, దీవి చుట్టూ సముద్రం అడుగున ఉంది. కిందికి దిగడానికి గడప లాంటిదే దీవి.

అంటే సముద్రం కింద తవ్వారా? ఎంత లోతు?

సముద్ర మట్టానికి 1,000 మీటర్ల కిందిదాకా వెళ్లారు. ముందు నిలువు బావిలో కేజ్ (మనుషుల్ని దించే లిఫ్టు) ఎక్కి 600 మీటర్లకు పైగా దిగాలి. ఆ తర్వాత సముద్రం అడుగున ఏటవాలు దారుల్లో ఇంకా కిందికి, దూరంగా పోవాలి. బొగ్గు పొరలు బాగా వాలుగా ఉండేవి. కొన్నిచోట్ల నిలబడటమే కష్టం. ఉక్కపోత భరించలేనంత: వేడి 30 డిగ్రీలు, గాలిలో తేమ 95 శాతం. దీనికి తోడు మీథేన్ గ్యాస్ భయం.

షిఫ్టు అయ్యాక పైకొచ్చినవాళ్లు నేరుగా ఇంటికి పోవడానికి లేదు. స్నానాల గదిలో మొదటి తొట్టిలోకి పనిబట్టలతోనే దిగేవారు. ఆ నీళ్లు సముద్రపువే, కాసేపటికి నల్లగా అయిపోయేవి. బట్టలు తీసి రెండో తొట్టిలో, అది కూడా ఉప్పునీళ్లే. చివరి తొట్టిలో మాత్రం మంచినీళ్లు. ఇది చదివినప్పుడు మా ఇంటి వెనక సిమెంటు తొట్టి గుర్తొచ్చింది. నాన్న డ్యూటీ నుంచి రాగానే అమ్మ మమ్మల్ని దాని దగ్గరికి పోనిచ్చేది కాదు.

మొత్తం ఎంత బొగ్గు తీశారు? ఎవరికి పోయేది?

1891 నుంచి 1974 దాకా సుమారు 1 కోటి 57 లక్షల టన్నులు. ఒక్క ఏడాదిలో ఎక్కువ తీసింది 1941లో, దాదాపు 4.1 లక్షల టన్నులు. ఇక్కడిది ఉక్కు తయారీకి పనికొచ్చే నాణ్యమైన కోకింగ్ కోల్. క్యూషూలోనే 1901లో మొదలైన యవాతా ఉక్కు కర్మాగారానికి వెళ్లేది. జపాన్ అంత తొందరగా పారిశ్రామిక దేశం కావడంలో ఈ పదిహేనున్నర ఎకరాలకూ వాటా ఉంది.

మన సింగరేణి బాయిల లాంటిదేనా?

ఏళ్లు దగ్గర దగ్గరే. ఇల్లెందు వైపు బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది, హషిమాను మిత్సుబిషి కొన్నది 1890లో. కేజ్, షిఫ్టులు, క్యాప్ ల్యాంప్, కంపెనీ క్వార్టర్లు, అన్నీ మనకు తెలిసినవే. కానీ మన దగ్గర బాయి విడిగా ఉంటుంది, ఊరు విడిగా ఉంటుంది. డ్యూటీ దిగాక సైకిలెక్కి కాస్త దూరం పోవచ్చు, పొలం గట్టు మీద కూర్చోవచ్చు. హషిమాలో ఇంటి కిటికీలోంచి చూస్తే బాయి, బాయి గడప నుంచి చూస్తే ఇల్లు. గోడ అవతల సముద్రం.

## మనుషులు ఎలా బతికారు

అంత చిన్న చోట 5,000 మంది ఉన్నారంటే నమ్మొచ్చా?

నమ్మొచ్చు. 1959లో జనాభా 5,259కి చేరింది. చదరపు కిలోమీటరుకు లెక్కేస్తే 83,000 దాటుతుంది. అప్పటి టోక్యో నగరం కంటే 9 రెట్లు ఎక్కువ సాంద్రత. అదీ సగం జాగా గని యంత్రాలకే పోయిన దీవిలో. ప్రపంచంలోనే అత్యంత ఇరుకైన ఊళ్లలో ఇదొకటి. కార్లు, మోటారు సైకిళ్లు లేవు, వాటికి దారే లేదు. భవనం నుంచి భవనానికి వంతెన దారులు ఉండేవి. వాన పడుతున్నా గొడుగు లేకుండా దీవి ఈ చివర నుంచి ఆ చివరికి పోగలిగేవారట.

జపాన్‌లో మొదటి కాంక్రీటు అపార్ట్‌మెంట్ ఇక్కడే కట్టారట, నిజమేనా?

నిజం. 1916లో కట్టిన 30వ నంబరు భవనం జపాన్‌లో అత్యంత పాత ఆర్‌సీసీ బహుళ అంతస్తుల అపార్ట్‌మెంటు. మధ్యలో వెలుతురు కోసం ఖాళీ వదిలి, దాని చుట్టూ ఏడంతస్తుల్లో చిన్న చిన్న గదులు. అడ్డంగా పెరగడానికి జాగా లేదు, కాబట్టి నిలువుగా పెరిగారు. చెక్క ఇళ్లు తుఫాన్లకు ఆగవు కాబట్టి కాంక్రీటు. 1918లో గుట్టను ఆనుకుని తొమ్మిదంతస్తుల వరస ఒకటి లేచింది. దాన్ని 'నిక్క్యూ' ఇళ్లు అనేవారు, అంటే రోజుకూలీల ఇళ్లు. అది అలలకు అడ్డుగోడగా కూడా పనిచేసింది. దీవిలో అన్నిటికన్నా పెద్దదైన 65వ నంబరు భవనాన్ని యుద్ధకాలంలో, దేశంలో సిమెంటుకు కరువున్న రోజుల్లో మొదలుపెట్టారు. బొగ్గు ఎంత అవసరమో అది చెబుతుంది.

అందరికీ ఒకే రకం ఇళ్లా?

కాదు. ఎవరి హోదా ఏమిటో ఇల్లు చూస్తే తెలిసిపోయేది. గుట్ట పైన ఎండా గాలీ తగిలే చోట మేనేజరు ఇల్లు, పెద్ద ఉద్యోగుల ఇళ్లు. వాళ్లలో కొందరికి సొంత స్నానాల గది కూడా ఉండేది. కింద అంతస్తుల్లో, అలల తుంపర పడే చోట కార్మికులు. వాళ్లకు ఉమ్మడి మరుగుదొడ్లు, ఉమ్మడి స్నానాల గదులు. ఒక కుటుంబానికి చాలాసార్లు ఒకే గది.

మంచినీళ్లు ఎక్కడివి?

దీవిలో ఊట లేదు. తొలి రోజుల్లో సముద్రపు నీటిని కాచి ఆవిరి పట్టి నీళ్లు తీసేవారు, దాంతో పాటు ఉప్పు కూడా వచ్చేది. తర్వాత నీళ్ల ఓడ వచ్చేది. సముద్రం బాగా లేకపోతే ఓడ రాదు, ఇళ్లలో టెన్షన్ మొదలు. కుళాయి దగ్గర టికెట్ల లెక్కన పంచేవారు. 1957లో అవతలి తీరం నుంచి సముద్రం అడుగున 6.5 కిలోమీటర్ల పైపులైన్ వేశారు. జపాన్‌లో సముద్రం అడుగున వేసిన నీటి పైపులైన్లలో అదే మొదటిది. నీళ్లు మోసిన ఆడవాళ్లకు ఆ ఏడాది ఎంత పెద్దదో మన పల్లెల్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

తిండి, సరుకులు?

అన్నీ పడవల్లోనే. కూరగాయలు అమ్మేవాళ్లు అవతలి తీరం నుంచి వచ్చి, భవనాల మధ్య సందులో సంత పెట్టేవారు. కంపెనీ దుకాణం, మంగలి షాపు, పచింకో ఆటల షాపు, సినిమా హాలు అన్నీ ఉండేవి. యుద్ధం తర్వాత జీతాలు పెరిగాయి. దేశంలో టీవీ ఇంకా కొద్ది ఇళ్లకే ఉన్న రోజుల్లో హషిమాలో దాదాపు ఇంటింటా టీవీ ఉండేది.

పిల్లలు ఎక్కడ చదివారు, ఎక్కడ ఆడుకున్నారు?

1958లో కట్టిన ఏడంతస్తుల భవనంలో ప్రాథమిక పాఠశాల, హైస్కూలు ముందరి తరగతులు నడిచేవి. చిన్నపిల్లల బడి 65వ నంబరు భవనం పైన ఉండేది. ఆడుకునేది ఎక్కువగా డాబాల మీద, మెట్ల మీద. సముద్రపు నీటితో నింపే ఈత కొలను కూడా ఉంది. దీవి మధ్యలో గుడి దాకా ఎక్కే నిటారు మెట్ల వరసకు జనం పెట్టిన పేరు 'జిగోకు దాన్', అంటే నరకపు మెట్లు. రోజూ దాన్ని ఎక్కి దిగిన పిల్లలకు అదే ఆటస్థలం.

తుఫాను వస్తే ఏం చేసేవారు?

సెప్టెంబరు వచ్చిందంటే జాగ్రత్తగా ఉండేవారు. అలలు పది మీటర్ల గోడ దాటి భవనాల మీద విరిగి పడేవి. ఆ నీళ్లు వానలా కురిసే ఒక సందుకు 'షియోఫురి' అని పేరు, ఉప్పు కురిసే వీధి అని అర్థం. ఓడలు ఆనడానికి 1954లో కట్టిన కాంక్రీటు దిమ్మెను తుఫాను ఎత్తుకుపోయింది. 1958లో మళ్లీ కడితే మరుసటి ఏడే అదీ పోయింది. మూడోసారి 1962లో కట్టింది నిలిచింది. ఈనాటికీ పడవలు ఆగేది అక్కడే.

ఎవరైనా చనిపోతే?

దీవిలో ఒక బౌద్ధ ఆలయం, ఒక పూజారి ఉండేవారు. ఏ శాఖ వాళ్లకైనా అదే ఆలయం. శ్మశానానికి మాత్రం జాగా లేదు. శవాన్ని పడవలో పక్కనున్న నకనోషిమాకు తీసుకెళ్లి దహనం చేసేవారు. ఇప్పుడు పడవలో పోతుంటే ఆ దిబ్బ పక్కనే వస్తుంది. చాలామంది దానివైపు చూడరు. వెళ్లినప్పుడు ఒక్కసారి చూడండి.

## యుద్ధకాలం

కొరియా వాళ్లతో బలవంతంగా పనిచేయించారన్నది నిజమేనా?

నిజమే. హషిమా గురించి మాట్లాడుతూ దీన్ని పక్కన పెట్టడం న్యాయం కాదని నేను గట్టిగా అనుకుంటాను. జపాన్ మగవాళ్లు యుద్ధానికి పోవడంతో గనుల్లో మనుషులు తక్కువయ్యారు. 1939 నుంచి జపాన్ పాలనలో ఉన్న కొరియా నుంచి కార్మికులను సమీకరించడం మొదలైంది. పోనుపోను అది బలవంతపు తరలింపు అయింది. యుద్ధం చివర్లో చైనా నుంచి కూడా తెచ్చారు. హషిమాలో 500 నుంచి 800 మంది దాకా కొరియన్లు పనిచేశారని కొరియా వైపు అంచనా. కష్టమైన లోతుల్లో, తక్కువ తిండితో, దెబ్బలు తింటూ పనిచేశామని, ఈదుకుంటూ పారిపోబోయి కొందరు చనిపోయారని బతికి బయటపడినవాళ్లు చెప్పారు. కొందరు జపాన్ మాజీ నివాసులు ఆ వర్ణనను ఒప్పుకోరు, అందరం కలిసే పనిచేశామంటారు.

కాగితాల్లో కనిపించేది ఇది: 1925 నుంచి 1945 దాకా దీవిలో చనిపోయినవాళ్ల దహన అనుమతి పత్రాలు తర్వాత బయటపడ్డాయి. వాటిలో 122 మంది కొరియన్లు, 15 మంది చైనీయులు ఉన్నారు. జబ్బుతో పోయినవాళ్లు, గని ప్రమాదాల్లో పోయినవాళ్లు అందరూ అందులోనే. అలా తెచ్చిన పదిహేనేళ్ల పిల్లాడు గోడ మీద నిలబడి ఇంటివైపు సముద్రాన్ని చూస్తూ ఏం అనుకుని ఉంటాడో నేనైతే ఊహించలేను.

జపాన్ కార్మికుల బతుకు కూడా మొదట్లో మెరుగేం కాదు. పక్క దీవి తకషిమాలో మేస్త్రీల పెత్తనం కింద కార్మికులు పడుతున్న బాధలు 1888లో పత్రికకెక్కి దేశమంతా చర్చ అయింది.

జపాన్ ప్రభుత్వం దీన్ని ఒప్పుకుందా?

2015 జూలై 5న జర్మనీలోని బాన్‌లో యునెస్కో కమిటీ ఈ దీవితో సహా 23 చోట్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1940లలో చాలామంది కొరియన్లను, ఇతరులను వాళ్ల ఇష్టానికి విరుద్ధంగా తెచ్చి కఠిన పరిస్థితుల్లో పనిచేయించారని జపాన్ ప్రతినిధి అదే సమావేశంలో చెప్పారు, ఆ చరిత్ర తెలియజేసే ఏర్పాట్లు చేస్తామన్నారు. ఆ వెంటనే అప్పటి విదేశాంగ మంత్రి ఫుమియో కిషిదా, ఈ మాటకు చట్టపరమైన 'నిర్బంధ శ్రమ' అనే అర్థం లేదన్నారు. 2020లో టోక్యోలో సమాచార కేంద్రం తెరిచారు. అక్కడ బాధితుల గొంతు సరిగా వినిపించడం లేదని కొరియా అభ్యంతరం చెప్పింది. ఇచ్చిన మాట పూర్తిగా నిలబెట్టుకోలేదని 2021లో యునెస్కో కమిటీ కూడా గట్టిగా విచారం తెలిపింది.

అమెరికా సబ్‌మెరైన్ దీన్ని నిజం యుద్ధనౌక అనుకుని టార్పెడో వేసిందట కదా?

ఈ కథ బాగా తిరుగుతుంది కానీ నిజం కాదు. 1945 జూన్ 11న టిరాంటే అనే అమెరికా సబ్‌మెరైన్ టార్పెడో వేసింది దీవి మీద కాదు, దీవి పక్కన బొగ్గు నింపుకుంటున్న హకుజు మారు అనే ఓడ మీద.

నాగసాకి మీద అణుబాంబు పడ్డప్పుడు ఇక్కడివాళ్లకు ఏమైంది?

1945 ఆగస్టు 9న దీవిలో ఉన్నవాళ్లు నాగసాకి వైపు ఆ వెలుగును, పొగను చూశారు. దూరం వల్ల దీవికి నేరుగా దెబ్బ తగల్లేదు. కానీ తర్వాత శిథిలాలు ఎత్తడానికి హషిమా నుంచి కొరియన్ కార్మికులను నగరానికి పంపారని, అలా వాళ్లకు రేడియేషన్ సోకిందని బాధితుల వాంగ్మూలాల్లో ఉంది.

## ఖాళీ అయిన తర్వాత

ఎందుకు ఖాళీ చేశారు?

1960ల్లో జపాన్ బొగ్గు వదిలి పెట్రోలియం వైపు మళ్లింది. 1964లో గనిలో ప్రమాదం జరిగి లోతైన భాగాన్ని నీటితో నింపేయాల్సి వచ్చింది, పని చాలాకాలం ఆగిపోయింది, జనం తగ్గారు. కొత్త పొరల్లో తవ్వకం మొదలై ఇంకొన్నేళ్లు నడిచింది. క్షేమంగా తీయగలిగిన బొగ్గు అయిపోవచ్చాక మూసేశారు. 1974 జనవరి 15న బడి వ్యాయామశాలలో మూసివేత సభ జరిగింది. అప్పటికి దీవిలో సుమారు 2,000 మంది. ఏప్రిల్ 20న చివరివాళ్లు పడవెక్కారు.

ఇళ్లలో టీవీలు, బీరువాలు అలాగే ఉన్నాయి. రాత్రికి రాత్రి పారిపోయారా?

లేదు. మూసివేతకూ చివరి పడవకూ మధ్య మూడు నెలలు ఉంది. అందరూ ముందే తెలిసి, ఒకరికొకరు చెప్పుకుని వెళ్లారు. తొమ్మిదో అంతస్తు నుంచి లిఫ్టు లేని మెట్ల మీదుగా బీరువా దించి, పడవకెక్కించి, కొత్త ఊళ్లో చిన్న ఇంట్లో పెట్టుకోవడం కుదరక వదిలేశారు. యూట్యూబ్‌లో చెప్పే దయ్యాల కథలకు ఆధారం ఏమీ లేదు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు నాగసాకిలో ఇంకా ఉన్నారు, కొందరు పడవల్లో గైడ్లుగా వస్తారు. ఆ కథలు వాళ్ల ఇళ్ల మీద చెప్పే అబద్ధాలు.

ఇప్పుడు ఎవరిది?

నాగసాకి నగరానిది. 2001లో మిత్సుబిషి మెటీరియల్స్ దీన్ని తకషిమా పట్టణానికి ఉచితంగా ఇచ్చింది. 2005లో ఆ పట్టణం నాగసాకిలో కలిసింది.

ప్రపంచ వారసత్వ గుర్తింపు ఆ అపార్ట్‌మెంట్లకేనా?

చాలామంది అలాగే అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఆ గుర్తింపు 1850ల నుంచి 1910 దాకా జరిగిన పారిశ్రామిక ఎదుగుదలకు. హషిమాలో ఆ కాలానికి చెందినవి సముద్రపు గోడ, గని తొలి అవశేషాలు. మొదటి అపార్ట్‌మెంటు 1916 నాటిది కాబట్టి ఆ లెక్కలోకి రాదు.

మరి ఆ భవనాలను బాగు చేయరా?

చాలా కష్టం. ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది. ఉబ్బిన ఇనుము కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. ఒకసారి మొదలైతే ఆపడం దాదాపు అసాధ్యం. 2020లో 30వ నంబరు భవనంలో కొంత భాగం కూలిపోయింది. గోడ నిలబడితేనే దీవి నిలుస్తుంది కాబట్టి నగరం ముందు దాని మరమ్మతుల మీద ఖర్చు పెడుతోంది. చూడాలనుకునేవాళ్లు వాయిదా వేయకండని నా సలహా.

## వెళ్లాలనుకునేవాళ్లకు

మామూలు పర్యాటకులు వెళ్లొచ్చా? ఎలా?

2009 ఏప్రిల్ 22 నుంచి వెళ్లొచ్చు. సొంతంగా కాదు, నాగసాకి రేవు నుంచి అనుమతి ఉన్న కంపెనీల టూరు పడవల్లోనే. ఫుకుఒకా నుంచి వచ్చేవాళ్లు హకతా స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తకెఒ ఒన్సెన్లో అదే ప్లాట్‌ఫారం మీద షింకన్‌సెన్ బుల్లెట్ రైలుకు మారితే గంటన్నర లోపు నాగసాకి చేరతారు. సీట్లు ముందే బుక్ చేసుకోండి. పడవ ప్రయాణం ఒకవైపు ముప్పావు గంట అటూ ఇటూ, టూరు మొత్తం రెండున్నర నుంచి మూడు గంటలు.

టికెట్ కొంటే దీవి మీద దిగడం గ్యారెంటీనా?

కాదు, ఇది ముందే తెలుసుకోండి. గాలి సెకనుకు 5 మీటర్లు దాటినా, అలలు అర మీటరు దాటినా, దృశ్యత 500 మీటర్ల కన్నా తగ్గినా దిగనివ్వరు. మొదటిసారి వెళ్లినప్పుడు నగరంలో ఎండ కాస్తోంది, ఆకాశం నిర్మలంగా ఉంది. దీవి దగ్గరికి వెళ్లేసరికి పడవ ఊగిపోయింది. దిమ్మెకు ఆనించబోయి రెండుసార్లు వెనక్కి తగ్గి, కెప్టెన్ ఇక వద్దన్నాడు. చుట్టూ తిప్పి తెచ్చేశారు. బాధేసింది కానీ ఆ నిర్ణయం సరైనదే. వీలైతే నాగసాకిలో రెండు మూడు రోజులు పెట్టుకోండి. మొదటి రోజే బుక్ చేసుకుంటే రద్దయినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది.

దిగాక భవనాల్లోకి వెళ్లనిస్తారా?

లేదు. దక్షిణం వైపు సుమారు 220 మీటర్ల నడకదారి, మూడు చోట్ల ఆగి చూసే వేదికలు. అంతే. దీవిలో చాలా కొద్ది భాగమే అది, ఉండేది గంటలోపే. మొదటి చోట బొగ్గు కన్వేయర్ కాంక్రీటు స్తంభాలు, దూరంగా బడి కనిపిస్తాయి. చివరి చోట 30వ నంబరు భవనం.

రెండో చోట ఎర్ర ఇటుక గోడ ముక్క, దాని పక్కన గాలిలో ఆగిపోయిన కాంక్రీటు మెట్లు ఉంటాయి. చిన్నవిగా ఉండటంతో చాలామంది చూడకుండా పోతారు. కార్మికులు కేజ్ దగ్గరికి ఎక్కిన మెట్లు అవి. రోజుకు మూడు షిఫ్టులు, ఏళ్ల తరబడి అదే దారి. నేను పంపిన ఫోటోల్లో కూలిన భవనాలను నాన్న గబగబా తోసేసి, ఈ మెట్ల దగ్గర ఆగారు. ఫోన్ దగ్గరికి తెచ్చుకుని, పెద్దది చేసి, "మస్టర్ ఎటువైపు పడేది?" అని, హాజరు వేసే చోటు గురించి అడిగారు.

ఏం వేసుకోవాలి? పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకెళ్లొచ్చా?

మంచి బూట్లు వేసుకోండి, హైహీల్స్‌తో దిగనివ్వరు. దీవిలో గొడుగు తెరవనివ్వరు కాబట్టి రెయిన్‌కోటు పెట్టుకోండి. వేసవిలో టోపీ, నీళ్లసీసా తప్పనిసరి, నీడ లేదు. మరుగుదొడ్డి కూడా లేదు, పడవలోనే వెళ్లాలి. నియమాలు పాటిస్తామని సంతకం చేయాలి. నగరానికి కట్టే ప్రవేశ రుసుము టికెట్‌కు అదనం. చిన్నపిల్లల వయసు నిబంధన కంపెనీని బట్టి మారుతుంది, ముందే అడగండి. సముద్ర ప్రయాణం పడనివాళ్లు మాత్ర వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఊగే పడవలోంచి దిగడమే ఇబ్బంది.

దిగలేకపోతే ఇంకేం చూడొచ్చు?

నాగసాకి రేవు నుంచి మామూలు ఫెర్రీలో తకషిమా వెళ్లండి. అక్కడ చిన్న బొగ్గు మ్యూజియం, దాని ముందు హషిమా నమూనా ఉన్నాయి. నగరంలో డిజిటల్ మ్యూజియం కూడా ఉంది. ద్వీపకల్పం చివర నోమోజాకి వైపు వెళ్తే ఒడ్డు నుంచే దీవి కనిపిస్తుంది, సాయంత్రం వేళ బాగుంటుంది.

గుట్ట మీద తెల్లటి లైట్‌హౌస్ కనిపించింది. అది గని కాలం నాటిదా?

కాదు, మనుషులు వెళ్లిపోయాక కట్టింది. గని నడిచినన్నాళ్లూ లైట్‌హౌస్ అవసరం రాలేదు. మూడు షిఫ్టుల పని, వేల మంది ఇళ్లు, రాత్రంతా దీపాలు. ఆ వెలుగుకే ఓడలు దారి చూసుకునేవి. 1974లో దీవి చీకటైపోయేసరికి రాత్రిపూట ఓడలకు ప్రమాదమైంది. 1975లో లైట్‌హౌస్ పెట్టారు.